నేను చూడకుండా చూపించిన అడవి బొమ్మలు

పోయిన నెల మా ఇంటికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. మనుబోలు మండలంలో కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచర్లు. నేను అదే ఉద్యోగం ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యానని ఎవరో చెప్పి పంపారట. కాఫీ తాగారు, నా మోకాళ్ళ నొప్పుల గురించి మర్యాదగా అడిగారు, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చారు.

"అక్కా, మా సెంటర్లకి టీవీలు ఇచ్చినారు. పెన్‌డ్రైవ్‌లో అడవి జంతువుల బొమ్మల సిరీస్ ఉండాది. చిన్న పిలకాయలకి అది చూపించొచ్చా, చూపించకూడదా?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత రాలేదు. "చూపించండమ్మా, ఏం కాదు" అని పంపేస్తే సరిపోయేది. కానీ వాళ్ళలో చిన్నమ్మాయి నోటు పుస్తకం తీసి, పెన్ను మూత కూడా తీసి, నా నోటి వంక చూస్తూ కూర్చుంది. నా మాటను అంత శ్రద్ధగా రాసుకోబోయిన మనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. అంతటి మనిషికి ఒంటి మాటతో జవాబు చెప్పడం పాపమనిపించింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. జవాబు కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

ఈ ఉద్యోగం ఏమిటంటే

మీకు ట్రైనింగులో రంగురంగుల చార్టు చూపించి ఉంటారు. అందులో పిల్లలు గుండ్రంగా కూర్చుని నవ్వుతుంటారు. మధ్యలో ఇస్త్రీ చీర కట్టుకున్న టీచరు. ఆ చార్టు గీసినాయన అంగన్‌వాడీ ఎప్పుడూ చూసి ఉండడు. పిల్లలు గుండ్రంగా కూర్చోరు. ఒకడు ఏడుస్తుంటాడు. ఒకతె పక్కదాని జడ నములుతుంటుంది. ఒకడు తలుపు పట్టుకుని వాళ్ళమ్మ పోయిన దారి చూస్తూ మధ్యాహ్నం దాకా అలాగే నిలబడతాడు. వాళ్ళకు అన్నం పెట్టాలి, తూకం వేయాలి, పొడుగు కొలవాలి, ముక్కు తుడవాలి, నిద్రపుచ్చాలి. ఇస్త్రీ చీర తొమ్మిదిన్నర దాకా ఉంటే గొప్ప.

మధ్యలో గర్భిణీలు వస్తారు, బాలింతలు వస్తారు, సర్వేలు వస్తాయి. మరుగుదొడ్లు లెక్కపెట్టాలన్నా మేమే, ఓటర్లను లెక్కపెట్టాలన్నా మేమే, ఒకసారి గేదెలను లెక్కపెట్టాలన్నా మేమే. ఇప్పటిదాకా మమ్మల్ని లెక్కపెట్టమననివి ఆకాశంలో చుక్కలు మాత్రమే. అది కూడా ఎవరికీ గుర్తు రాక.

ఇంతకూ పిల్లల్ని చూసుకోవడమే ఉద్యోగం. మిగతావన్నీ ఆ ఉద్యోగానికి అడ్డం. ఈ ముక్క నాకు నేర్పింది నా మొదటి సూపర్‌వైజరమ్మ. గూడూరు నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, ఎండలో నడిచి, చెప్పాపెట్టకుండా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. నేల మీద పిల్లల మధ్యన చతికిలబడి వాళ్ళ గోళ్ళు చూసేది, చెవుల వెనక చూసేది. తర్వాత నన్ను పిలిచేది.

"ఈ బిడ్డ పొద్దున్నుంచి ఎందుకు దిగులుగా ఉండాడు?"

నేను రిజిస్టరు తిరగేయబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "రిజిస్టరు చూడబాకమ్మా. బిడ్డని చూసి చెప్పు."

ఆమె ఏ రోజు వస్తుందోనని రోజూ పిల్లల గోళ్ళు, చెవులు ముందుగా నేనే చూసి పెట్టుకునేదాన్ని. ఆమె రిటైరయిన రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో అబద్ధం చెప్పి ఏం బావుకుంటాను?

నా చివరి సూపర్‌వైజరమ్మ వేరే రకం. చెడ్డ మనిషి కాదు. ఆమె పైన ఒకరు, ఆ ఒకరి పైన ఇంకొకరు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. పిల్లల్ని ఆమె ఫొటోల్లోనే చూసేది. ఫొటోలో పిల్లలకు ముక్కు కారదు, వాసన రాదు, ఎవరూ ఎవరినీ కొరకరు. మీటింగులో మాతో ఒక మాట అనేది. "ఏం చేసినారన్నది కాదమ్మా ముఖ్యం. ఏం అప్‌లోడ్ చేసినారన్నది ముఖ్యం." ఆమె వస్తుందని నేను ఎప్పుడూ ఏ బిడ్డ గోళ్ళూ చూసుకోలేదు. చాలా సుఖంగా ఉండేది. మీకు ఇలాంటి పైవాళ్ళు దొరికితే జాగ్రత్తగా ఉండండి.

టీవీకి కొబ్బరికాయ

మా ఊరికి దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ ఉంది. అది మా ఊరి గాలికి చేసిన సేవ సరిపోదనుకున్నారేమో, పిల్లలకు కూడా సేవ చేద్దామని ఒక పెద్ద టీవీ తెచ్చారు. టీవీ కంటే బ్యానరు పెద్దది. నలుగురు పెద్దమనుషులు వచ్చి టీవీకి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగారు. పిల్లలకు ఆ రోజు ఎంతో నచ్చింది కొబ్బరి ముక్కలు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయా మరియమ్మ నీళ్ళు చిమ్మి నేల తుడిచింది. మరియమ్మ నాతో పదిహేనేళ్ళు పనిచేసింది. ఆదివారం ప్రార్థనకు, మిగతా ఆరు రోజులు పిల్లలకు బతికే మనిషి. చీపురు పట్టుకుని టీవీ వంక కాసేపు చూసింది.

"టీచరమ్మా, ఇది మన పని తగ్గించేదానికా, పెంచేదానికా?"

"తగ్గించేదానికే" అన్నాను.

అది అక్షరాలా నిజమైంది. తప్పంతా అక్కడే ఉంది.

పెన్‌డ్రైవ్‌లో ఇరవై ఆరు భాగాల సిరీస్ ఉంది. టోపీ పెట్టుకున్న ఒక పాప, మాటలు వచ్చిన ఒక పడవ. భాగానికొక జంతువు ఆపదలో పడుతుంది, పాప వెళ్ళి దానితో స్నేహం చేసి కాపాడుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిన గుణం ఒక్కటే. అది ఆన్ చేస్తే ఇరవై మంది పిల్లలు ఒక్కసారిగా నోరు మూసుకుంటారు. అంగన్‌వాడీలో ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. మొదటిరోజు నాకు భయమేసింది. రెండోరోజు అలవాటైంది. మూడోరోజు నుంచి ఎదురుచూశాను.

టీవీని గోడకు బిగించారు. నా కుర్చీ సరిగ్గా దాని కింద. నేను పిల్లల వైపు తిరిగి కూర్చుని, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని, బరువులు, పొడుగులు, హాజరు, పాలు, గుడ్లు ఒక్కొక్కటే యాప్‌లో ఎక్కించేదాన్ని. మరియమ్మ ఫొటో తీసేది. ఆ ఫొటోలో పిల్లలందరూ కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నట్టు ఉండేది. ఏ మహోపాధ్యాయుడికీ అంతటి శిష్యులు దొరికి ఉండరు. సూపర్‌వైజరమ్మ ఆ ఫొటోలను గ్రూపులో పెట్టి చప్పట్ల బొమ్మలు వేసేది.

నెలాఖరున ఫోన్లో ఒక ఫారం వచ్చేది. "ఈ కార్యక్రమం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు తగినదేనా? అవును, కాదు." కాదు నొక్కితే కింద ఒక పెట్టె తెరుచుకుంటుంది, కారణం రాయాలి. అవును నొక్కితే అంతటితో సరి. నేను ప్రతినెలా అవును నొక్కాను. ఒక్క భాగం కూడా చూడకుండా నొక్కాను. టీవీ నా నెత్తిన ఉంటే నాకెలా కనిపిస్తుంది?

గుడ్ల సమ్మె

ఒకరోజు మధ్యాహ్నం వంటగదిలోంచి మరియమ్మ కేక వేసింది.

"టీచరమ్మా, ఇటు రా. పిలకాయలు గుడ్డు తినం అంటుండారు."

"ఎందుకంట?"

"దాంట్లో బాబు ఉండాడంట."

వెళ్ళి చూస్తే పళ్ళేల్లో పప్పన్నం అయిపోయింది, గుడ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకడైతే ఉడికిన గుడ్డును చొక్కా లోపల పెట్టుకుని రెండు చేతులతో కప్పి కూర్చున్నాడు. ఏమిటని అడిగితే, "సలి పెడతాది" అన్నాడు. ఆ పూట బొమ్మల్లో టోపీ పాప ఒక గుడ్డు పక్కన కూర్చుని పాట పాడిందట, గుడ్డు పగిలి పిట్టపిల్ల బయటికొచ్చి ఆమెను అమ్మా అందట.

నాకు చప్పున ఒక ఉపాయం తట్టింది. "టీవీలో గుడ్డు ఏం రంగు?" అని అడిగాను.

"నీలం" అన్నారు అందరూ.

"ఇది?"

"తెలుపు."

"చూసినారా? నీలం గుడ్డులోనే బాబుంటాడు. తెల్లగుడ్డులో పచ్చసొన తప్ప ఏమీ ఉండదు."

ఇరవై గుడ్లూ క్షణాల్లో మాయం. చలిపెట్టే గుడ్డు కూడా. ఈ సంగతి నేను మీటింగులో చెబితే అందరూ పడీపడీ నవ్వారు. సూపర్‌వైజరమ్మ, "మంచి ఐడియా, రాసి పంపించండి" అంది. రాసి పంపాను. నా తెలివికి నేనే మురిసిపోతూ బస్సెక్కి ఇంటికొచ్చాను.

అసలు ఆ రోజు నాకు తలంటు పోయాల్సింది. నాలుగేళ్ళ పిల్లలకు టీవీలో గుడ్డు వేరు, పళ్ళెంలో గుడ్డు వేరు అని ఉండదని ఇరవై మంది నోరు తెరిచి చెప్పారు. నేను వినలేదు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించి, గుడ్లు తినిపించి, లెక్క సరిపోయిందనిపించుకున్నాను. ఆ సాయంత్రం కూర్చుని ఆ ఒక్క భాగం చూసినా, ఆ తర్వాతది జరిగేది కాదు.

ఆ బొమ్మల వల్ల మేలు లేకపోలేదు, అది కూడా చెప్పాలి. మా ఊరి పిల్లలు తొండ కనిపిస్తే రాయి తీసేవాళ్ళు, తూనీగ దొరికితే తోకకు దారం కట్టేవాళ్ళు. అది మానేశారు. ఒక పిల్లవాడు రాయి వేయబోయిన వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని ఆపాడట. ఆ నాయన వచ్చి నాకు దండం పెట్టాడు. నేను ఆ దండం నిస్సంకోచంగా తీసుకున్నాను. టోపీ పాపకు చేరాల్సినవి చాలా నేనే తీసుకున్నాను అప్పట్లో.

నాగన్నకు ఆకలి

దీక్షితకు అప్పుడు నాలుగేళ్ళు. అమ్మానాయనలు నాయుడుపేట దగ్గర కంపెనీలో షిఫ్టు పనికి పోయేవాళ్ళు. పాపను పెంచేదంతా అవ్వ నారాయణమ్మే, వాళ్ళ నాయనకు తల్లి. వాళ్ళకు కొంచెం వరి పొలం ఉంది, నారాయణమ్మే దగ్గరుండి నాట్లు వేయించేది.

మా సెంటర్ వెనక ముళ్ళకంప, ఆ కంపలో ఒక పాత పుట్ట. నాగుల చవితికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ అక్కడికే వస్తారు. మా వైపు పుట్టలో పాలు పోయడంతో సరిపెట్టరు, కోడిగుడ్డు కూడా వదులుతారు. ఆ ఏడు నారాయణమ్మ మనవరాలిని వెంట తీసుకొచ్చింది. పాప చేతనే గుడ్డు వేయించి, "నాగన్నకి గుడ్డంటే బో ఇష్టం పాపా. నీ చేత్తో పెట్టినావు గదా, ఇంక నిన్నేమీ చెయ్యడు" అని చెప్పింది. ప్రతి అవ్వా చెప్పే మాటే.

వారం తిరగకుండా సెంటర్లో పాము భాగం వచ్చింది. నేను కుర్చీలో ఉన్నాను, నెలాఖరు, ఫోన్లో తల దూర్చి ఉన్నాను. నా నెత్తి మీద టోపీ పాప ఆకలితో ఉన్న ఒక పాము దగ్గరికి వెళ్ళి, మెల్లగా చెయ్యి చాపి, వాసన చూడనిచ్చి, తిండి పెట్టింది. బొమ్మలు అయిపోయాయి. టీవీ ఆపాను. అన్నాలు వడ్డించాం. దీక్షిత పళ్ళెంలో నేనే స్వయంగా గుడ్డు పెట్టాను.

అవ్వ చెప్పింది, టీవీ చూపించింది, టీచరు గుడ్డు అందించింది. ముగ్గురం కూడబలుక్కుని చేసినా ఇంత సక్రమంగా కుదిరేది కాదు.

మరియమ్మకు పళ్ళేలు తీసేటప్పుడు తలలు లెక్కపెట్టే అలవాటు. ఎవరూ నేర్పలేదు, ఏ ఫారంలోనూ లేదు.

"దీక్షిత యాడ టీచరమ్మా?"

"ఉంటుందిలే" అన్నాను. తల ఎత్తకుండా అన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మరియమ్మ నా మాట లెక్కచేయకుండా బయటికి పరుగెత్తింది. తర్వాత ఆమె అరుపు వినబడింది. నేను వెళ్ళేసరికి ముళ్ళకంపలో పాప బోర్లా పడుకుని, కుడిచెయ్యి భుజం దాకా పుట్టలో పెట్టి, లోపలికి కబుర్లు చెబుతోంది. "రా నాగన్నా. తెల్లగుడ్డే. దీంట్లో బాబు లేడులే." మరియమ్మ రెండు కాళ్ళూ పట్టి ఒక్క లాగు లాగింది. లోపల బుస్సుమన్నది విన్నానని మరియమ్మ ఇప్పటికీ ప్రమాణం చేస్తుంది. పాప చేతి నిండా ముళ్ళ గీతలు. మణికట్టు మీద పక్కపక్కనే రెండు ఎర్రటి చుక్కలు. అవి ముళ్ళో కోరలో ఎవరం చెప్పగలం?

అయిదు నిమిషాల్లో ఊరు చేరింది. ఒకరు తువ్వాలు తీసి చెయ్యి బిగించి కట్టారు. కాటుకు ఆనిస్తే విషం లాగుతుందని ఒకరు నల్లకోడిని తెమ్మన్నారు. ఇంకొకరు పక్క ఊళ్ళో మంత్రం వేసే ఆయన్ని పిలిపిద్దామన్నారు. నారాయణమ్మ పొలంలోంచి బురద కాళ్ళతో పరుగెత్తుకొచ్చి, పాపను ఎత్తుకుని మంత్రమాయన దగ్గరికే బయలుదేరింది. నేను అడ్డం నిలబడ్డాను. గర్భిణీల ముందు, పిల్లల ముందు ఎప్పుడూ గొంతు ఎత్తనిదాన్ని ఆ రోజు అరిచాను.

"మంత్రం రేపు ఏపిద్దాం నారాయణమ్మా. ముందు ఆటో ఎక్కు. గూడూరు పోవాల."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఏం చూపించినావు టీచరమ్మా మా బిడ్డకి?"

"జంతువుల బొమ్మలు."

"ఏం జంతువు?"

నాకు తెలియదు. అవ్వ భుజం మీంచి దీక్షితే చెప్పింది. "పామవ్వా. దానికి ఆకలంట, ఎవురూ పెట్టరంట."

నారాయణమ్మ పాపను హత్తుకుని ఆటో ఎక్కింది. మిగతా పిల్లలందరినీ మరియమ్మకు వదిలేసి నేనూ ఎక్కాను.

రెప్పలు

గూడూరు ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు అబ్బాయి. మా మాటలేవీ వినకుండా ముందు ఆ తువ్వాలు మెల్లగా వదులు చేశాడు. గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి స్టాండులో నిలబెట్టాడు.

"ఇరవై నిమిషాల్లో ఇది గడ్డకడితే రక్తపింజరి కరిచిందన్న భయం పోతుందమ్మా. రెండో భయం నాగుపాము. దాని విషం ఎక్కితే మొదట కనురెప్పలు వాలిపోతాయి. మందు సిద్ధంగా పెట్టాను, గుర్తు కనపడితే వెంటనే ఎక్కిస్తాను. మీరు చేయాల్సింది ఒకటే. సాయంత్రం దాకా పాపను నిద్రపోనీయకండి. నిద్రపోతే రెప్ప వాలిందో, నిద్రొచ్చిందో మనకు తెలియదు."

మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. ముప్పై ఏళ్ళుగా సరిగ్గా ఆ వేళకు పిల్లల్ని నిద్రపుచ్చడంలో నన్ను మించినవాళ్ళు మండలంలో లేరని పేరు. జోకొట్టడం, జోల పాడడం, నుదుటి మీద వేలితో రాయడం, అన్నీ నా విద్యలే. దీక్షిత ఏడాదిగా నా చేతిలో తయారైన పిల్ల. పడక కనిపించగానే ఆవులించింది.

ఫోన్ మోగింది. సూపర్‌వైజరమ్మ. ఊళ్ళోంచి ఎవరో చెప్పారట.

"టీచరమ్మా, పాప బయటికి పోయింది టీవీ ఆన్‌లో ఉన్నప్పుడా, ఆఫ్ చేసినాకా?"

"ఆఫ్ చేసినాక."

"అమ్మయ్య" అంది. తర్వాత పాప ఎలా ఉందని అడిగింది. డాక్టరు ఏమన్నాడో ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. ఆమెకూ పిల్లలున్నారు. కానీ ముందు అడిగింది టీవీ గురించే. ఉద్యోగం మనిషిని అలా తయారు చేస్తుంది. నన్ను ఎలా తయారు చేసిందో ఇప్పటికే చెప్పాను కదా.

పాటలు పాడితే రెప్పలు బరువెక్కుతున్నాయి. నీళ్ళతో మొహం తుడిస్తే ఏడ్చి, ఆ ఏడుపులోనే కునుకు తీస్తోంది. దిక్కుతోచక అన్నాను. "ఆ టోపీ పాప కత చెప్పు పాపా."

కళ్ళు విప్పింది. లేచి కూర్చుంది. ఇక ఆపలేదు.

"పులికి కాల్లో ముల్లు గుచ్చుకునింది. అందురూ బయపడినారు. పాప పోయి తీసేసింది."

"పులి కరవలేదా?"

"ఫ్రెండు గదా, ఎందుకు కరస్తాది?"

"మొసలి?"

"అదీ ఫ్రెండే. దానికి పంటి నొప్పి."

"మరి పాము?"

దీక్షిత గొంతు తగ్గించింది. "పాముని చూసి అందురూ పారిపోతారు టీచరమ్మా. దాంతో ఎవురూ ఆడుకోరు. పాపం."

మంచం అవతల నారాయణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పిల్ల చేసిన తప్పేమిటంటే, తన పళ్ళెంలో గుడ్డు ఆకలితో ఉన్నదానికి పెట్టబోయింది. అది తప్పని దానికి ఎలా చెప్పాలో మా ఇద్దరు పెద్దముండలకూ తెలియలేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఆ తర్వాత నేను ఇరవై ఆరు భాగాలూ చూశాను. పిల్లల వరసలో, పిల్లల పక్కన, నేల మీద కూర్చుని. సిరీస్ మంచిదే. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, జాలి నేర్పుతుంది. తీసినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు, కాకపోతే వాళ్ళ బడి వెనక పుట్ట ఉండి ఉండదు. ప్రతి భాగం చివర ఒక హెచ్చరిక వస్తుంది. పెద్దలు తోడు లేకుండా జంతువుల దగ్గరికి వెళ్ళకూడదని. చక్కటి హెచ్చరిక. అక్షరాల్లో వస్తుంది. చదవడం రాని ఇరవై మంది దానికి ఎదురుగా కూర్చుని ఉన్నారు. చదవడం వచ్చిన ఒక్క మనిషి దానికి వీపు పెట్టి కూర్చుని ఉంది.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు నిశ్చింతగా చూపించవచ్చు. వాళ్ళు బొమ్మకూ బతుకుకూ మధ్య గీత గీసుకోగలరు. మూడు నాలుగేళ్ళవాళ్ళకు ఆ గీత ఉండదు, మనమే ఉండాలి. ముందు మీరు చూడండి, తర్వాత వాళ్ళతో కూర్చుని చూడండి. పులి భాగం ఎన్నిసార్లయినా వేయండి, మనుబోలులో పులి లేదు. పాము, తేలు, కుక్క వచ్చినప్పుడు మాత్రం ఆపండి, మాట్లాడండి, వాళ్ళేమనుకుంటున్నారో అడిగి వినండి. అవ్వలు ఇంట్లో ఏం చెప్పారో కూడా అడగండి. అంత తీరిక లేదంటారా, టీవీకి గుడ్డ కప్పండి. పిల్లలు గోల చేస్తే చేయనివ్వండి. గోల చేసే పిల్ల ఎక్కడుందో తెలుస్తుంది.

ఆ రోజు రక్తం ఇరవై నిమిషాల్లో గడ్డకట్టింది. పొద్దు వాలే వేళకు డాక్టరు వచ్చి పాప కళ్ళలో లైటు వేసి చూశాడు, మింగమన్నాడు, మాట్లాడించాడు. "ముళ్ళే అయ్యుండొచ్చు. లేకపోతే పాము కరిచినా విషం వదల్లేదు. ఏదైతేనేం, ఇప్పటికి బాగుంది. రేపటి దాకా ఇక్కడే ఉంచుతాం. ఇక పడుకోనీయండి" అన్నాడు. నారాయణమ్మ కొడుకూ కోడలూ నాయుడుపేట నుంచి అప్పుడే వచ్చారు. నారాయణమ్మ వాళ్ళకు జరిగింది చెప్పడానికి బయటికి వెళ్ళింది.

నేను దుప్పటి కప్పి, ఎప్పటి అలవాటున నుదుటి మీద వేలు పెట్టాను. దీక్షిత అప్పటికే సగం నిద్రలో ఉంది.

"పామూ పాపా కలిసినాక పడవకి ఏమయిందో నాకు జ్ఞాపకం లేదు. అది నువ్వు చెప్పు టీచరమ్మా."

"నాకు తెల్దు పాపా. నేను చూళ్ళేదు."

కళ్ళు తెరిచి నా వంక చూసింది. కోపం లేదు, నింద లేదు. ఉత్త ఆశ్చర్యం.

"నువ్వు ఆడనే ఉండావు గదా."

జవాబు కోసం ఆగకుండా నిద్రపోయింది. డాక్టరు ఇక అవసరం లేదన్నా, నేను తెల్లారేదాకా ఆ రెప్పలు చూస్తూనే కూర్చున్నాను.